బయటి చెక్క రంగు మారితే పాడైనట్టేనా? నలుపు, తెలుపు మరకల వెనక ఉన్న లెక్క

వానలు వెనకబట్టి, బతుకమ్మ, దసరాలకు ఇల్లు దులిపే రోజులు రాగానే పాలిష్ మేస్త్రీలకు ఫోన్లు మొదలవుతాయి. టేకు తలుపు కింది సగం బూడిద రంగుకు తిరిగిందని ఒకరు, గొళ్లెం కింద నల్లటి చార దిగిందని ఒకరు, రెండేళ్ల కింద ఎలివేషన్‌కు, అంటే ఇంటి ముందు గోడకు కొట్టించిన పైన్ పలకల మీద మసి చుక్కలు లేచాయని ఇంకొకరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గోడలకు గోడలే చెక్కతో కట్టే అలవాటు లేదు. ఇక్కడ బయటి చెక్క అంటే దర్వాజ, తలుపులు, కిటికీలు, పాత పెంకుటిళ్ల వసారా స్తంభాలు, చూరు బయటికి పొడుచుకొచ్చిన దూలాల కొసలు. ఈ మధ్య శ్రీశైలం రోడ్డు, బెంగళూరు రోడ్డు వెంబడి ఫామ్‌హౌస్‌ల గోడలకు చెక్క పలకలు తొడగడం దీనికి తోడైంది. పెయింటు వద్దు, చెక్క చెక్కలాగే కనబడాలి అనేవాళ్లూ పెరిగారు.

చిక్కంతా ఎక్కడంటే, కంటికి కనబడే నలుపు ఒకటే గానీ దాని వెనక కారణాలు అయిదారు. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. కొన్నిసార్లు మరకను ఇంకా ముదరబెడుతుంది కూడా. ఒక మేస్త్రీ "ఆసిడ్ పట్టించాలి" అంటాడు, ఇంకో మేస్త్రీ "బ్లీచింగ్ కొడితే పోతది" అంటాడు. ఎవరు చూసిన చెక్క మేరకు వాళ్ల మాట నిజమే. మన తలుపు మీద ఉన్నది ఏ నలుపు అన్నదే తేలాలి.

## ఎండ విరగ్గొడుతుంది, వాన కడిగేస్తుంది

చెక్కలో ముఖ్యంగా ఉండేవి మూడు: పోగులుగా ఉండే సెల్యులోజ్, దాన్ని అల్లుకున్న హెమిసెల్యులోజ్, ఈ రెండింటినీ ఇటుకల మధ్య సిమెంటులా పట్టి ఉంచే లిగ్నిన్. ఇవి కాక చేవలో, అంటే మాను లోపలి ముదురు చెక్కలో, టానిన్లు అనే వగరు పదార్థాలు, నూనెలు, రంగు పదార్థాలు నిండి ఉంటాయి. టేకుకు ఆ బంగారు ఛాయ, నల్లమద్దికి ఆ ముదురు రంగు వీటి వల్లే.

ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా పీల్చుకునేది లిగ్నిన్. పీల్చుకుని ముక్కలుగా విరుగుతుంది. మొదట్లో చెక్క పసుపుకో గోధుమకో తిరగడం ఈ విరిగిన ముక్కల రంగే. అవి నీళ్లలో కరుగుతాయి కనుక నాలుగు వానలు పడగానే కొట్టుకుపోతాయి. చేవలోని రంగు పదార్థాలూ వాటి వెంటే పోతాయి. పైన మిగిలేది పాలిపోయిన సెల్యులోజ్ పోగు. తెల్లబారిన తలుపును చేత్తో రుద్దితే వేళ్లకు అంటే సన్నటి నూగు అదే.

ఈ కిరణాలు చెక్కలోకి దిగే లోతు 0.1 మి.మీ. కూడా ఉండదు. మామూలు వెలుతురు ఇంకాస్త లోపలికి పోతుంది. రెండూ కలిపి చూసినా బూడిద పొర మందం పావు మిల్లీమీటరుకు అటూఇటూ. దాని కింద చెక్క కొత్తగానే ఉంటుంది. పూత లేని పైన్ జాతి పలక ఎండవానలకు అరిగేది నూరేళ్లకు సుమారు 6 మి.మీ. అని చెక్క మీద పనిచేసే శాస్త్రజ్ఞుల లెక్క. గట్టి కర్ర ఇంకా నెమ్మదిగా అరుగుతుంది. వనపర్తి, గద్వాల వైపు పాత ఇళ్లలో బూడిదబారిన స్తంభాలు ఇప్పటికీ మిద్దె బరువు మోస్తున్నాయంటే రంగు పోయింది గానీ బలం పోలేదన్న మాట.

అయితే మన దగ్గర కనబడే బూడిద రంగంతా ఈ పాలిపోవడమే కాదు. తడి ఎక్కువసేపు నిలిచే చోట ఆరియోబసిడియం అనే బూజు చేరుతుంది. విరిగిన లిగ్నిన్ ముక్కలను, చెక్కలోని చక్కెరలను తిని నల్లటి రంగును వదులుతుంది. వాన పడ్డా రెండు గంటల్లో ఆరిపోయే పలక వెండి ఛాయలోకి వస్తుంది. తడి పట్టుకుని ఉండే పలక మురికి బూడిదలోకి, చుక్కల్లోకి పోతుంది.

## ఒకే తలుపుకు రెండు రంగులెందుకు

చాలామందిని కలవరపెట్టేది తెల్లబారడం కాదు, అది సమంగా రాకపోవడం. పైన ఎర్రగా, కింద తెల్లగా కనబడితే "వడ్లాయన రెండు రకాల కర్ర కలిపిండు" అనే అనుమానం కూడా వస్తుంది. పాపం, ఎక్కువసార్లు తప్పు ఆయనది కాదు, సజ్జది.

మన ప్రాంతం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అందుకే ఎండాకాలపు మధ్యాహ్నం దక్షిణపు గోడకు 2 అడుగుల సజ్జ ఉంటే ఎండ దాదాపు తాకదు. అదే గోడకు డిసెంబరు మూడో వారంలో, సూర్యుడు మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దాటని రోజుల్లో, ఆ సజ్జ ఇచ్చే నీడ పై 28 అంగుళాలే. తూర్పు, పడమర గోడలకు సజ్జ ఇంకా తక్కువ సాయం చేస్తుంది. ఎదురుగా సూర్యుడు 30 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు 2 అడుగుల సజ్జ నీడ 14 అంగుళాలు. వాస్తు చూసి తూర్పు వాకిలి పెట్టుకున్న ఇంట్లో దర్వాజ పై అడ్డకర్ర రంగు నిలిచి, కింది భాగం వెలిసిపోయేది అందుకే.

వాన లెక్క కూడా ఇందులో కలుస్తుంది. సజ్జ కింద ఎండ వెలుతురు కొంత తగిలి వాన తగలని చోట లిగ్నిన్ విరుగుతుంది గానీ కడిగేవాళ్లు లేక ముక్కలు అక్కడే ఉండిపోతాయి. ఆ భాగం ముదురు గోధుమకు తిరుగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన ఎక్కువగా పడమర, నైరుతి గాలులతో వస్తుంది. సాయంత్రపు ఎండ, వాన జల్లు రెండూ పడమటి గోడకే తగులుతాయి. ఎలివేషన్ పలకలు ఎక్కడ ముందు మారతాయో కట్టకముందే చెప్పగలిగేది ఇలాగే.

కింది ఒకటిన్నర అడుగుల సంగతి వేరు. వాన నేల మీద పడి చిమ్మే నీళ్లు అక్కడికి చేరతాయి. చెల్క నేలల ఊళ్లలో ఆ చిమ్మిన ఎర్రమట్టి పోగుల్లో ఇరుక్కుంటుంది. అది మరక కాదు, మురికి. మెత్తటి బ్రష్, కాస్త సర్ఫు నీళ్లు సరిపోతాయి. పలకల కింది అంచు నేలకు కనీసం 8 అంగుళాలు పైన ఉండాలనే నియమం ఈ చిమ్ముడు కోసమే.

## రెండు చుక్కల పరీక్ష

ఏ నలుపో తేల్చడానికి పెద్ద సామాను అక్కర్లేదు. మొదటి చుక్క, కిరాణా షాపులో దొరికే ద్రవ బ్లీచ్. అందులో ఉండేది 4–5 శాతం సోడియం హైపోక్లోరైట్. నల్లటి చోట నీళ్లు కలపకుండా ఒక చుక్క వేసి ఒకటి రెండు నిమిషాలు చూస్తే, నలుపు తేలిపోయిందంటే అది బూజు. చలించలేదంటే బూజు కాదు.

రెండో చుక్క ఆక్సాలిక్ ఆసిడ్. మార్బుల్, మొజాయిక్ బండలు పాలిష్ చేసేవాళ్లు వాడే తెల్లటి పొడి ఇది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. చిటికెడు పొడిని వేడినీళ్లలో కరిగించి, వేరే నల్లటి చోట వేసి పది నిమిషాలు ఆగాలి. నలుపు పోయిందంటే అది ఇనుము మరక. రెండింటికీ లొంగకపోతే ముదిరిన పాత వార్నిష్, ఇంజిన్ ఆయిల్, లేకపోతే లోపల కుళ్లు.

రెండు చుక్కలనూ ఒకే చోట వేయకూడదు. బ్లీచ్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. గాలి ఆడని వరండాలో అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. బ్లీచ్ వేసిన పలక పుష్కలంగా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే ఆక్సాలిక్ జోలికి పోవాలి. బాత్రూమ్ ఆసిడ్‌ను వీటిలో దేనికీ బదులుగా వాడేది లేదు. అది మడతబందుల ఇనుమును కరిగించి చెక్కలోకి దింపుతుంది, ఉన్న నలుపుకు కొత్త నలుపు తోడవుతుంది.

## ఇనుము మరక: గొళ్లెం కింద చార, తలుపంతా చుక్కలు

కలంకారీలో నలుపు ఎలా వస్తుందో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కరక్కాయ పట్టించిన బట్ట మీద, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీటితో గీత గీస్తే అక్కడికక్కడే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, నీటిలోని ఇనుము కలిసి కట్టే రంగు అది. టేకు, నల్లమద్ది, తుమ్మ చేవలోనూ టానిన్ జాతి పదార్థాలు ఉన్నాయి. తోలు ఊనడానికి తుమ్మ చెక్కు వాడేది దాని కోసమే. మడతబంది, గొళ్లెం, మేకు ఇనుముదైతే, తడి తగిలితే చాలు. నీలి నలుపు చార కిందికి దిగుతుంది. పైన్‌లో టానిన్ తక్కువ కనుక ఈ చార అంత ముదురుగా రాదు.

తరచూ ఎదురయ్యే ఒక కేసు చూద్దాం. కొత్త ఇంట్లో టేకు తలుపు బిగించారు, పాలిష్ ఇంకా కాలేదు. వరండా గ్రిల్లు పని మిగిలింది. వెల్డర్ వచ్చి తలుపు ముందే గ్రైండర్‌తో పైపులు కోశాడు. నిప్పురవ్వలు ఎగిరి తలుపు మీద పడ్డాయి, అప్పుడు ఏ జాడా లేదు. పది రోజులకు ఒక జల్లు పడింది. తెల్లారి చూస్తే తలుపంతా ఆవగింజంత నల్లచుక్కలు, మోకాలి ఎత్తులో ఎక్కువ, పైకి పోను పోను తక్కువ. ఇంటివాళ్లు బూజు అనుకుని బ్లీచ్ కొట్టారు. చుక్కలు కదల్లేదు సరికదా, బ్లీచ్‌కు మడతబందులు తుప్పుపట్టి వారంలో కొత్త చారలు దిగాయి. బూజు అయితే తడి నిలిచే చోట గుంపుగా ఉంటుంది. ఇలా ఒక దిక్కు నుంచి చల్లినట్టు పడ్డాయంటే అనుమానం గ్రైండర్ మీదికి పోవాలి. స్టీల్ ఊల్‌తో, అంటే ఇనుప పీచుతో రుద్దిన తలుపుకూ ఇదే గతి పడుతుంది. విరిగిన ఇనుప పోగులు చెక్క నరాల్లో ఇరుక్కుని తర్వాత నల్లబడతాయి. నైలాన్ బ్రష్ వాడాలనేది అందుకే.

దీనికి మందు ఆక్సాలిక్. లీటరు వేడినీళ్లకు 60 గ్రాములు, ప్లాస్టిక్ బకెట్‌లో. మొండి మరకకు 100 గ్రాముల దాకా పోవచ్చు. తలుపుకు ఒక వైపు పట్టించడానికి లీటరు సుమారుగా సరిపోతుంది. ముందు ఇనుప సామాను విప్పేస్తారు. విప్పకపోతే ఆసిడ్ అక్కడి ఇనుమునే కరిగిస్తుంది. మరక ఉన్న చోటే కాక పలక మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకు పట్టించాలి. లేదంటే మరక పోయిన చోట తెల్లటి చందమామ మిగులుతుంది. 15–20 నిమిషాలు ఆరిపోకుండా తడిగా ఉంచి, ఆ తర్వాత రెండు మూడు సార్లు కడుగుతారు. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పవు. కడుపులోకి పోతే విషం కనుక పిల్లలు, పశువులు తిరిగే చోట బకెట్ వదిలిపెట్టకూడదు. కడగకుండా వదిలేసిన పలకను తర్వాత ఇసుక కాగితం పడితే ఆ పొడి ముక్కులోకి, గొంతులోకి పోతుంది. కింద షాబాద్ బండలుంటే ప్లాస్టిక్ షీటు పరవడం మంచిది. అవి సున్నపురాయి, ఆసిడ్ పడిన చోట తెల్లగా మాసిపోతాయి.

ఇక్కడ మన బోరు నీళ్ల వల్ల వచ్చే తిప్పలు ఒకటుంది. నల్లగొండ నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ చెక్కకు దానితో పనిలేదు. లెక్కలోకి వచ్చేది నీళ్లలోని కాల్షియం. ఆక్సాలిక్ ఆసిడ్ కాల్షియంతో కలిస్తే నీళ్లలో కరగని కాల్షియం ఆక్సలేట్ అవుతుంది. కిడ్నీ రాళ్లలో ఎక్కువగా ఉండేదీ ఇదే. బాగా కాఠిన్యం ఉన్న నీళ్లు, అంటే లీటరుకు 600 మిల్లీగ్రాముల స్థాయివి అనుకుంటే, మనం వేసిన 60 గ్రాముల ఆసిడ్‌లో ఒక గ్రాము కూడా దీనికి ఖర్చవదు. మందు బలం తగ్గదు. కానీ ఆ కొద్దిపాటి తెల్లపొడి నరాల్లో దిగబడి, ఆరాక తలుపు మీద సుద్ద పూత తేలుతుంది. బోరు నీళ్లతో కడిగే కొద్దీ అది పెరుగుతుంది. అందుకే మందు కలపడానికి, మొదటి కడుగుకు ఫిల్టర్ నీళ్ల క్యాన్ ఒకటి తెచ్చుకుంటే చాలు. మిగతా కడుగుకు బోరు నీళ్లయినా ఫర్వాలేదు.

మరక పోయాక కారణం అలాగే ఉంటే ఆరు నెలల్లో తిరిగొస్తుంది. బయటి చెక్కకు 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు, ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ మడతబందులు వాడమనేది దీని కోసమే. జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ మేకులు కొంతకాలం ఆపుతాయి, సుత్తి దెబ్బకు తల మీద పూత చిట్లితే అక్కడి నుంచే మొదలవుతుంది.

## బూజు: తడిని ఆపకపోతే మందు దండుగ

బూజు పైపైన పెరిగేది, చెక్క బలాన్ని తినదు. ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు మూడు వంతుల నీళ్లు, కాస్త డిటర్జెంట్ కలిపి, నైలాన్ బ్రష్‌తో పట్టించి పది నిమిషాలకు కడిగితే పోతుంది. అమోనియా ఉన్న క్లీనర్లు ఇందులో కలపకూడదు, విషవాయువు పుడుతుంది. చిక్కటి బ్లీచ్ కొడితే తొందరగా పోతుందనుకుంటారు. అది లిగ్నిన్‌ను కూడా తినేసి చెక్కను నూగుగా చేస్తుంది. ఊళ్లో సులభంగా దొరికే బ్లీచింగ్ పౌడర్‌లో కాల్షియం ఉంటుంది. అది వాడిన పలకకే తర్వాత ఆక్సాలిక్ పట్టిస్తే పైన చెప్పిన తెల్లపొడి ఇంకా ఎక్కువగా తేలుతుంది.

కల్వకుర్తి దాటాక ఒక ఫామ్‌హౌస్, పడమటి గోడకు పైన్ పలకలు అనుకుందాం. పలకలను నేరుగా గోడకు బిగించారు, కిందే గడ్డికి స్ప్రింక్లర్ ఉంది. రెండో ఏడాదికి కింది నాలుగు పలకలు నల్లబడ్డాయి. కడిగారు, మూడు నెలల్లో తిరిగొచ్చింది. పలక ముఖం ఎండకు ఆరుతుంది గానీ వీపు గోడకు అంటుకుని ఉంది, తడి పోయే దారి లేదు. గోడకు నిలువు రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు కొట్టి, పలకకూ గోడకూ మధ్య 20 మి.మీ. సందు వదిలి, పైనా కిందా గాలి ఆడేలా తెరిచి, తెరిచిన చోట ఎలుకలు దూరకుండా జాలీ పెడితే సగం సమస్య తీరుతుంది. మిగతా సగం స్ప్రింక్లర్‌ను పక్కకు తిప్పడం. ఏసీ నీళ్ల పైపు, తులసి కోట దగ్గరి కుండీలు, బాత్రూమ్ వెంటిలేటర్ కూడా ఇలాంటివే.

## గడప దగ్గర వచ్చేవి: పసుపు, సిమెంటు, ఉప్పు

గడపకు రాసిన పసుపు ఎండకు త్వరగా వెలిసిపోతుంది, దానితో ఇబ్బంది లేదు. కానీ క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. పసుపుకు సున్నం కలిపి కుంకుమ చేసేది ఈ గుణం మీదే. సబ్బు నీళ్లతో గడప కడిగే ఇళ్లలో, కొత్తగా సిమెంటు పని జరిగిన చోట, ఆ ఎర్రటి గోధుమ మరక గడప అంచున నిలుస్తుంది. నిమ్మరసమో వెనిగరో రాస్తే మళ్లీ పసుపుకు తిరుగుతుంది, ఆపై ఎండే దాన్ని తీసేస్తుంది.

ఇళ్లు కట్టేటప్పుడు దర్వాజ ముందు నిలబెట్టి తర్వాత ప్లాస్టరింగ్ చేస్తారు. అప్పుడు చిమ్మిన సిమెంటు పాలు, సున్నం టేకు మీద ముదురు గోధుమ మచ్చలవుతాయి. టానిన్‌కు క్షారం తగిలి వచ్చే రంగిది. పలచటి ఆక్సాలిక్‌కు చాలావరకు లొంగుతుంది. ప్లాస్టరింగ్ ముందు దర్వాజకు ప్లాస్టిక్ చుడితే అసలు రాదు. కుండీలకు పోసే బోరు నీళ్లు చిందిన చోట తెల్లటి ఉప్పు పొర కడుతుంది. అది సున్నమే కనుక సిట్రిక్ ఆసిడ్, అంటే నిమ్మ ఉప్పు నీళ్లు చాలు.

కొత్త చెక్క నుంచి తెల్లగోడ మీదికి కారే గోధుమ చారలు చెక్క మీద వచ్చిన మరకలు కావు, చెక్కలోంచి కారిన సారం. మొదటి ఒకటి రెండు వానాకాలాలకు తగ్గుముఖం పడుతుంది. అప్పటిదాకా గోడకు చివరి కోటు ఆపితే ఒక కోటు ఖర్చు మిగులుతుంది.

## ఏం పూయాలి అన్న వాదన

కొందరు ఏమీ పూయవద్దంటారు. బూడిద పొరే చెక్కకు కాపు, ఖర్చు లేదు, మళ్లీ మళ్లీ చేయించే బెడద లేదు. పలకలకు, కంచెకు, పందిరికి ఈ మాట బాగానే నిలుస్తుంది, స్టెయిన్‌లెస్ మేకులు వాడి, నీళ్లు నిలవకుండా కడితే. సింహద్వారానికి మాత్రం చేతి జిడ్డు, సన్నటి పగుళ్లు చేరి, సజ్జ నీడతో రెండు రంగులై ఆ వెండి ఛాయ ఎన్నటికీ సమంగా రాదు.

పాలిష్ మేస్త్రీల్లో ఎక్కువమంది క్లియర్ వార్నిష్ లేదా పీయూ (పాలీయురెథేన్ పూత) వైపు ఉంటారు. వెంటనే చూస్తే దానంత అందం ఇంకోదానికి రాదు. కానీ రంగులేని పొరలోంచి ఎండ లోపలికి పోతూనే ఉంటుంది. పొర కింద లిగ్నిన్ విరిగితే పొర పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఒక మూల చిట్లి, అందులోంచి నీళ్లు దూరి, కింద నల్లబడి, పొరలు పొరలుగా లేస్తుంది. ఎండ నేరుగా కొట్టే చోట ఏడాది రెండేళ్లకే ఈ స్థితి వస్తుంది. అప్పుడు మొత్తం గీకడం తప్ప దారి లేదు. కిరణాలను ఆపే మందు కలిపిన రకాలు ఇంకొంత కాలం నిలుస్తాయి, ఆ మందూ కాలంతో ఖర్చవుతుంది. మేస్త్రీల వాదనలోనూ పస ఉంది: మూడు నాలుగు కోట్లు వేసి, చిట్లకముందే ఏటా సన్నగా ఇసుక కాగితం పట్టి ఒక కోటు వేస్తే నిలుస్తుంది. ఏటా చేయించేవాళ్లు ఎందరన్నది ప్రశ్న. లోతైన పోర్టికో కింద తలుపుకైతే వార్నిష్ సరైన ఎంపికే. మెలమైన్, లక్క పాలిష్ లోపలి ఫర్నిచర్‌కు చేసినవి. లక్క తడికి తెల్లబారుతుంది కూడా.

నూనె పక్షం వాళ్లది పాత మాట. అవిసె నూనె గాలికి గట్టిపడుతుంది, లోపలికి ఇంకుతుంది, పొర లేవదు. కానీ బూజుకు అది మంచి మేత. బూజు నిరోధకం కలపని ఉత్త అవిసె నూనె పూసిన తలుపు వానాకాలంలో నల్లబడటం చాలామంది చూసే ఉంటారు. కొబ్బరి నూనె, ఆముదం గట్టిపడేవే కావు. జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటాయి. బండ్లకు, కంచె గుంజలకు పూసే పాత ఇంజిన్ ఆయిల్ ఇంటి తలుపుకు పనికిరాదు. వాసన సరే, ఆ తర్వాత ఏ పూతా దాని మీద నిలవదు.

నాలుగోది రంగు కలిపిన స్టెయిన్. ఇది లోపలికి ఇంకేది, పైన పొర కట్టదు. ఇందులోని ఐరన్ ఆక్సైడ్ రేణువులు ఎండను అడ్డుకుంటాయి. ఇది కరగని ఇనుము కనుక టానిన్‌తో కలిసి నల్లబడదు. నరాలు కనబడతాయి, చెక్క అసలు రంగు మాత్రం కొంత మారుతుంది. అభ్యంతరం కూడా అదే. రెండు నుంచి నాలుగేళ్లకు పలచబడుతుంది తప్ప ఊడదు. కడిగి, ఆరనిచ్చి మళ్లీ పూయడమే. పడమటి గోడకు, ఎండ తగిలే తలుపుకు దీని కన్నా తక్కువ తలనొప్పి ఇంకొకటి లేదు.

ఏది వేసినా బూడిద పొర మీద వేస్తే నిలవదు. నెల రోజులు ఎండలో ఉన్న కొత్త చెక్క కూడా పూతను పట్టే బలం కొంత పోగొట్టుకుంటుంది. "కర్ర కొన్నాళ్లు ఎండనీ, తర్వాత పాలిష్ చేద్దాం" అనడం లోపలి తేమ విషయంలో సరైనదే, దాన్ని నీడలో ఆరబెట్టాలి. బూడిద పొర తీయడానికి 80 నంబరు ఇసుక కాగితంతో మొదలుపెట్టి 120 దగ్గర ఆపితే చాలు. ఇంకా నున్నగా చేస్తే స్టెయిన్ ఇంకదు. పలక కోసిన కొసలకు రెండు మూడు సార్లు పట్టించాలి. చెక్క నీళ్లను అడ్డంగా కన్నా కొస నుంచి ఎన్నో రెట్లు వేగంగా పీల్చుకుంటుంది. దర్వాజ కాళ్లు ముందు పాడయ్యేది అందుకే.

## రంగు కాదు, కుళ్లు అయితే

చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్లు రాదు. 28–30 శాతం దాటి చాలాకాలం నిలిస్తే చెక్కను తినే శిలీంధ్రాలు పనిలోకి దిగుతాయి. పరీక్ష సులువు: దర్వాజ కాలి అడుగున సన్నటి స్క్రూడ్రైవర్‌తో పొడవాలి. మంచి చెక్క అయితే మొన ఆగుతుంది, లాగితే పొడుగాటి పేళ్లు లేస్తాయి. కుళ్లింది అయితే మొన దిగబడుతుంది, ముక్క పొడిగా తుంచుకుపోతుంది లేదా గోధుమ రంగు చదరాలుగా విరుగుతుంది. వేలితో కొడితే డొల్ల చప్పుడు, పక్కనే మట్టి గొట్టాలు ఉంటే చెదలు. ఈ రెండింటికీ పైన చెప్పిన ఏ మందూ పనిచేయదు. చెడిన అడుగు కోసి కొత్త ముక్క అతికించాలి, నీళ్లు వచ్చే దారి మూయాలి.

తొందరగా పెరిగిన తోట టేకులో చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్క వాటా ఎక్కువ. చేవకున్న రక్షణ దానికి లేదు. ఒకే దర్వాజలో ఒక అంచు మాత్రమే నల్లబడి మెత్తబడితే ఆ అంచు తెల్ల చెక్కేమో చూడాలి.

## ఎప్పుడు చేయించాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. చెక్క ఆరి ఉంటుంది, ఎండ తీవ్రం కాదు. మే నెల ఎండలో తలుపు చేయి పెట్టలేనంత కాలి ఉన్నప్పుడు పూస్తే స్టెయిన్ ఇంకకముందే పైన ఎండిపోయి గీతలు పడతాయి. తప్పనిసరైతే గోడకు నీడ వచ్చాక పని పెట్టుకోవాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరవేయడమో, నీళ్ల బకెట్‌లో ముంచడమో చేస్తారు.

స్టెయిన్ మళ్లీ ఎప్పుడు వేయాలన్నదానికి క్యాలెండర్ కన్నా నీటి చుక్క నయం. మృగశిర కార్తె ముందు ఒకసారి తలుపు కింది భాగంలో, పడమటి పలకల మీద నీళ్లు చిలకరించి చూస్తారు. ముత్యాల్లా నిలిచి జారితే ఈ ఏడు పని లేదు. నిమిషంలోపే ఇంకి చెక్క ముదురు రంగుకు తిరిగితే, వానలకు ముందే ఒక కోటు.